సింగరేణి బొగ్గును కొలిమిలో పెట్టి చూసిన సైంటిస్టు: డాక్టర్ హుసేన్ జహీర్ జీవితం

చర్ల (భద్రాద్రి కొత్తగూడెం జిల్లా): ఫిబ్రవరి, మార్చి నెలల్లో చర్ల మండలంలో ఏ ఊరికి పోయినా కల్లాల నిండా ఎర్రటి మిర్చి ఆరబోసి కనిపిస్తుంది. కింద పరిచేది ప్లాస్టిక్ పట్టా. మబ్బు పడితే పైన కప్పేదీ పట్టానే. తోటలో డ్రిప్ పైపు, ఇంట్లో బిందె, బకెట్, సంతలో చేతికిచ్చే కవరు, యూరియా సంచి... వీటిలో చాలావరకు రెండు వాయువుల నుంచి మొదలైనవే. ఒకటి ఇథిలీన్, రెండోది ప్రొపిలీన్. కెమిస్ట్రీ చదివినవాళ్లు వీటిని లైట్ ఓలెఫిన్స్ అంటారు. వీటిని ఎక్కువగా ముడిచమురు శుద్ధి చేసేటప్పుడు వచ్చే నాఫ్తా నుంచి, సహజవాయువులోని భాగాల నుంచి తీస్తారు. ఆ ముడిచమురులో ఎక్కువ భాగం మనం డాలర్లు పోసి బయటి దేశాల నుంచి కొనుక్కుంటున్నదే.

అదే చర్ల నుంచి గోదావరి దాటితే అవతలి వైపు మణుగూరు. అక్కడ భూమిలో బొగ్గు ఉంది. ఓపెన్‌కాస్ట్ గనుల్లో తవ్వి, లారీలకు, రైలు వ్యాగన్లకు ఎత్తి, కరెంటు కోసం కాల్చేస్తున్నారు. ఈ బొగ్గుతో చేయగలిగింది కాల్చడం ఒక్కటేనా? అందులో నుంచి ఇంధనం, తారు, గ్యాసు, రసాయనాలు విడివిడిగా తీయలేమా?

ఈ ప్రశ్నను డెబ్భై ఏళ్ల కిందటే హైదరాబాద్‌లో ఒక మనిషి సీరియస్‌గా తీసుకున్నారు. ఆయన ఈ గడ్డ మీద పుట్టినవారు కాదు. లక్నో నుంచి వచ్చారు. పేరు డాక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్. మన సమాజంలో నవాబుల పేర్లు, షాయర్ల పేర్లు పిల్లలకు కూడా తెలుసు. ఈ పేరు మాత్రం పెద్దవాళ్లలో కూడా చాలామంది విని ఉండరు.

లక్నోలోని వజీర్ మంజిల్

హుసేన్ జహీర్ 1901లో పుట్టారు. వాలిద్ సర్ సయ్యద్ వజీర్ హసన్ పేరున్న లాయరు, తర్వాత అవధ్ చీఫ్ కోర్టు చీఫ్ జడ్జి. 1916లో కాంగ్రెస్‌కు, ముస్లిం లీగ్‌కు మధ్య లక్నో ఒప్పందం కుదిరిన రోజుల్లో లీగ్ తరఫున కీలకంగా పనిచేసిన మనిషి. 1936లో బొంబాయిలో జరిగిన లీగ్ మహాసభకు అధ్యక్షత వహించింది కూడా ఆయనే. తర్వాత లీగ్ దారి నచ్చక దూరమయ్యారు. లక్నోలో వాళ్ల ఇల్లు వజీర్ మంజిల్. వకీళ్లు, రాజకీయ నాయకులు, కవులు వచ్చిపోయే ఇల్లు.

అన్నదమ్ముల్లో ఒకరు సయ్యద్ అలీ జహీర్. 1946లో నెహ్రూ నాయకత్వంలో ఏర్పడిన తాత్కాలిక ప్రభుత్వంలో మంత్రి, తర్వాత ఇరాన్‌లో భారత రాయబారి. ఇంకొకరు సజ్జాద్ జహీర్. ఉర్దూ సాహిత్యం తెలిసినవాళ్లకు పరిచయం అక్కర్లేని పేరు. 1932లో వచ్చిన అంగారే కథల సంకలనం వెనుక ఉన్నది ఆయనే. ఆ పుస్తకాన్ని మరుసటి ఏడాదే అప్పటి సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వం నిషేధించింది. అభ్యుదయ రచయితల సంఘానికి పునాది వేసినవారిలో కూడా సజ్జాద్ ముందుంటారు.

ఇలాంటి ఖాందాన్‌లో పుట్టిన కుర్రాడు వకాలత్ వైపో, రాజకీయాల వైపో పోతాడని ఎవరైనా అనుకుంటారు. హుసేన్ జహీర్ కెమిస్ట్రీ వైపు వెళ్లారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. అక్కడి నుంచి జర్మనీలోని హైడెల్‌బర్గ్ యూనివర్సిటీకి వెళ్లి డాక్టరేట్ చేశారు. అప్పట్లో రసాయన శాస్త్రానికి జర్మనీయే పెద్ద బడి. బొగ్గు మీద అంతగా పనిచేసిన దేశం కూడా ఇంకోటి లేదు. జర్మనీకి చమురు బావులు పెద్దగా లేవు, బొగ్గు ఉంది. అందుకని అక్కడి సైంటిస్టులు బొగ్గు నుంచి రంగులు, మందులు, చివరికి పెట్రోలు కూడా తీశారు. బొగ్గును గ్యాసుగా మార్చి, ఆ గ్యాసు నుంచి నూనెలు తయారుచేసే ఫిషర్, ట్రాప్ష్ పద్ధతి 1920లలో అక్కడే పుట్టింది.

చదువు ముగించుకుని తిరిగి వచ్చి జహీర్ లక్నో యూనివర్సిటీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పారు. ఇంట్లో సోషలిజం మాట, బయట స్వాతంత్ర్య పోరాటం, ల్యాబులో ప్రయోగాలు. ఈ మూడింటినీ ఆయన వేరువేరుగా చూడలేదు. సైన్సు అంటే కాగితం మీద వ్యాసం రాసుకుని దాచుకునేది కాదని, దేశం ఆకలికి, పొయ్యికి, పనికి అక్కరకు రావాలని నమ్మిన తరం అది.

1948: హైదరాబాద్‌కు

1947లో దేశం రెండయింది. వజీర్ మంజిల్ కూడా ఆ దెబ్బ తిన్నది. సజ్జాద్ జహీర్ కమ్యూనిస్టు పార్టీ పని మీద పాకిస్తాన్ వెళ్లారు. 1951లో రావల్పిండి కుట్ర కేసులో అరెస్టయి జైల్లో గడిపారు. తర్వాత మళ్లీ ఇండియాకే వచ్చారు.

హుసేన్ జహీర్ మాత్రం దక్కన్ దారి పట్టారు. 1948లో హైదరాబాద్‌లోని సెంట్రల్ ల్యాబొరేటరీస్ ఫర్ సైంటిఫిక్ అండ్ ఇండస్ట్రియల్ రీసెర్చ్‌కు డైరెక్టర్ అయ్యారు. 1948 అంటే హైదరాబాద్‌కు ఏ సంవత్సరమో చెప్పాల్సిన పనిలేదు. సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగింది. నిజాం రాజ్యం పోయింది. పల్లెల్లో సాయుధ పోరాటం నడుస్తోంది. చదువుకున్న ముస్లిం కుటుంబాలు చాలా సామాన్లు సర్దుకుని కరాచీ దారి పట్టాయి. ఉద్యోగాలు పోయినవాళ్లు, ఇళ్లు పోయినవాళ్లు, రేపు ఏమవుతుందో తెలియనివాళ్లు ఎందరో. అలాంటి ఏడాదిలో ఒక ముస్లిం సైంటిస్టు ఈ ఊరి ల్యాబును చేతిలోకి తీసుకున్నారు.

ఆ ల్యాబు 1944లో నిజాం ప్రభుత్వం పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం. బయటి నుంచి సరుకు రావడం కష్టమైంది కాబట్టి రాజ్యంలో ఉన్న వనరులతోనే పరిశ్రమలు నడిపే దారి వెతకడం దాని పని. రాజ్యం పోయింది, ల్యాబు మిగిలింది. ఇలాంటి సంస్థలు పాలన మారినప్పుడు దిక్కులేనివై మూతపడిపోవడం మామూలే. జహీర్ దాన్ని మూతపడనివ్వలేదు. ఉస్మానియా యూనివర్సిటీకి దగ్గర్లో, ఉప్పల్ రోడ్డు వైపు అది వేళ్లూనుకుంది. 1956లో కేంద్ర సీఎస్ఐఆర్ గొడుగు కిందకి వచ్చి రీజనల్ రీసెర్చ్ ల్యాబొరేటరీ అయింది. హైదరాబాదీలు ఇప్పటికీ ఆర్ఆర్ఎల్ అంటారు. 1989 నుంచి దాని పేరు ఐఐసీటీ, అంటే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ.

ఆ ల్యాబులోకి దేశంలోని అన్ని వైపుల నుంచి కుర్ర సైంటిస్టులు వచ్చారు. నూనెల మీద, ముఖ్యంగా మన ఆముదం మీద పనిచేసి, తర్వాత భారతీయ ఆహార చరిత్ర రాసి పేరు తెచ్చుకున్న కె.టి. అచ్చయ్య ఇక్కడివారే. తర్వాత సీసీఎంబీని స్థాపించిన పుష్ప మిత్ర భార్గవ కూడా కుర్రవయసులో చేరింది ఈ ల్యాబులోనే. జహీర్ పెట్టుకున్న పని జాబితా చూస్తే ఆయన మనసు తెలుస్తుంది. దక్కన్‌లో ఏం పండుతుంది, ఏం దొరుకుతుంది, ఏది వృథాగా పోతోంది? ఆముదం, తవుడు నూనె, మట్టి, ఖనిజాలు. వాటితో పాటు బొగ్గు.

పనికిరాదన్న బొగ్గు

సింగరేణి బొగ్గు కథ ఇల్లందు దగ్గర మొదలైంది. 1871లో జియాలజిస్టు విలియం కింగ్ అక్కడ బొగ్గు ఉందని గుర్తించారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ హక్కులు తీసుకుంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ పేరు వచ్చింది. 1945లో నిజాం ప్రభుత్వం ఎక్కువ వాటా కొనేసింది. ఇల్లందు, కొత్తగూడెం, బెల్లంపల్లి... గోదావరి వెంట పొడుగ్గా పరుచుకున్న బొగ్గు బెల్టు.

కానీ ఈ బొగ్గుకు ఒక మచ్చ ఉండేది. ఉక్కు తయారీకి కోక్ కావాలి. ఝరియా వైపు దొరికే కోకింగ్ బొగ్గును గాలి తగలకుండా వెయ్యి డిగ్రీల పైన వేడిచేస్తే మెత్తబడి, అంటుకుపోయి, గట్టి కోక్ ముద్దగా తయారవుతుంది. సింగరేణి బొగ్గు అలా అంటుకోదు. నాన్ కోకింగ్ రకం. పైగా బూడిద ఎక్కువ. అందుకే దీన్ని రైలింజన్లకు, పవర్ హౌసులకు, ఇటుక బట్టీలకు మాత్రమే వాడేవాళ్లు. ఉక్కు లెక్కలో ఇది రెండో రకం సరుకు.

జహీర్ ల్యాబు ఈ బొగ్గును ఇంకో వైపు నుంచి చూసింది. బొగ్గును వెయ్యి డిగ్రీలకు తీసుకుపోకుండా ఆరేడు వందల డిగ్రీల దగ్గరే ఆపితే ఏమవుతుంది? దీన్ని లో టెంపరేచర్ కార్బొనైజేషన్ అంటారు. నిలువుగా ఉండే పెద్ద కొలిమి అనుకోండి. పై నుంచి బొగ్గు పెళ్లలు పోస్తారు. వాటి బరువుకే అవి మెల్లగా కిందకి జారుతుంటాయి. మధ్యలో నుంచి వేడి గ్యాసు పంపుతారు. పై అంతస్తులో బొగ్గులోని తేమ ఆరిపోతుంది. నడి అంతస్తులో వేడెక్కి ఆవిర్లు బయటికొస్తాయి. కింది అంతస్తులో చల్లబడి, పొగ పోయిన బొగ్గు బయటపడుతుంది. జర్మనీ లుర్గి కంపెనీది ఈ పద్ధతి.

ఈ కొలిమిలో కోకింగ్ బొగ్గు పోస్తే చిక్కొస్తుంది. మెత్తబడి, పెళ్లలన్నీ ఒకదానికొకటి అతుక్కుని గొట్టం మూసుకుపోతుంది. సింగరేణి బొగ్గు అతుక్కోదు కాబట్టి సాఫీగా జారిపోతుంది. అంటే ఉక్కు కొలిమికి ఏ గుణం లోపమో, ఈ కొలిమికి అదే అర్హత.

బయటికొచ్చేవి మూడు. ఒకటి సెమీకోక్. తొందరగా అంటుకుంటుంది, పొగ దాదాపు ఉండదు. వంటింటికి సరిపోయే ఇంధనం. రెండోది తారు. అందులో ఫినాల్, క్రిసోల్ లాంటివి ఉంటాయి. ఇళ్లు కడిగే నల్ల ఫినాయిల్ నుంచి రెసిన్ల దాకా వాటి వాడకం. మూడోది గ్యాసు. అందులో హైడ్రోజన్, మీథేన్, కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు కొద్దిగా ఇథిలీన్, ప్రొపిలీన్ కూడా ఉంటాయి.

పొగలేని ఇంధనం ఎందుకంత ముఖ్యమో అడవి పక్కన బతికేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో వంట అంటే కట్టెలు, పిడకలు. పట్నం పొయ్యిలకు కట్టెలు అడవి నుంచే పోయేవి. పొలానికి ఎరువు కావాల్సిన పేడ పిడకలై మండేది. పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్ల కళ్లు, ఊపిరితిత్తులు పొగకు పాడయ్యేవి. బొగ్గు గని పక్కనే ఉన్నా పచ్చి బొగ్గు ఇంట్లో కాలిస్తే పొగ భరించలేరు. పొగ తీసేసిన బొగ్గు వంటింటికి అందితే అడవి మీద భారం తగ్గుతుంది, పేడ పొలానికి పోతుంది. సైన్సు పొయ్యి దాకా రావాలన్న ఆ తరం నమ్మకానికి ఇంతకన్నా సూటి పరీక్ష ఉండదు.

దావత్ దేగ్ లెక్క

ల్యాబులో గాజు గొట్టంలో గుప్పెడు బొగ్గు వేడిచేసి చూడటం ఒక పని. రోజుకు వందల టన్నులు నడిపే ఫ్యాక్టరీ కట్టడం ఇంకో పని. రెంటి మధ్య చాలా దూరం ఉంది. మన ఇళ్లలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. నలుగురికి బిర్యానీ చేసే చెయ్యి నాలుగు వందల మందికి దేగ్ ఎక్కిస్తే అదే కొలతను వందతో గుణిస్తే సరిపోదు. అడుగు మాడుతుంది, నడిమిలో బియ్యం పలుకు మిగులుతుంది. వేడి గిన్నె గోడ నుంచి లోపలికి వెళ్లాలి. గిన్నె పొడవు, వెడల్పు, లోతు పదింతలు పెంచితే లోపలి సరుకు వెయ్యింతలవుతుంది, గోడ వైశాల్యం మాత్రం వందింతలే. అందుకే పెద్ద బావర్చీ మంట కింద పెట్టినంత మూత మీద కూడా నిప్పులు పెడతాడు, దమ్ లెక్క మార్చుకుంటాడు.

కెమికల్ రియాక్టర్ కూడా దేగ్ లాంటిదే. వేడి ఎక్కడ ఎంత, గ్యాసు ఏ దారిన పోతోంది, సరుకు లోపల ఎంతసేపు ఉంటోంది? ఈ మూడూ సరిగ్గా పడకపోతే ల్యాబులో వచ్చిన ఫలితం ఫ్యాక్టరీలో రాదు. ఇథిలీన్ సంగతే తీసుకోండి. నాఫ్తాను ఆవిరితో కలిపి 800 డిగ్రీల పైన గొట్టాల్లో పంపుతారు. లోపల ఉండేది ఒక సెకను కన్నా తక్కువ. ఆ వెంటనే చల్లార్చేయాలి. కాస్త ఆలస్యమైతే ఇథిలీన్ కాస్తా మసిగా మారి గొట్టానికి అంటుకుంటుంది. తక్కువసేపు ఉంటే నాఫ్తా విరగదు. లాభం, నష్టం ఆ సెకనులోనే తేలిపోతాయి.

ఈ దూరాన్ని దాటడానికి మధ్యలో వేసే మెట్టే పైలట్ ప్లాంటు. ల్యాబు కన్నా పెద్దది, ఫ్యాక్టరీ కన్నా చిన్నది. హైదరాబాద్ ల్యాబు ఆవరణలో రోజుకు 25 టన్నుల బొగ్గును నడిపే పైలట్ ప్లాంటు పెట్టారు. ఒక రీసెర్చ్ సంస్థ లోపల రోజూ టన్నుల కొద్దీ బొగ్గు దింపడం, కాల్చడం, తారు పట్టడం ఆ కాలానికి చిన్న సంగతి కాదు. ఖర్చుతో కూడిన పని. వ్యాసాలు రాసుకుంటే సరిపోయేదానికి ఈ మసి పని ఎందుకని అడిగేవాళ్లు ఏ కాలంలోనైనా ఉంటారు. కానీ జర్మన్ బొగ్గు మీద వచ్చిన అంకెలు సింగరేణి బొగ్గుకు పనికిరావు. బూడిద వేరు, తేమ వేరు, వేడికి ప్రవర్తించే తీరు వేరు. మన బొగ్గుతో, మన చేతులతో నడిపి చూస్తేనే మన అంకెలు వస్తాయి. యంత్రం పద్ధతి బయటిదే అయినా, దాని అనుభవం మనది కావాలి. హైదరాబాద్‌లో జహీర్ వేసిన ముఖ్యమైన పునాది ఇదే.

ఢిల్లీ కుర్చీ

1962లో ఆయన్ను సీఎస్ఐఆర్ డైరెక్టర్ జనరల్ చేశారు. దేశంలోని జాతీయ ప్రయోగశాలలన్నిటికీ పెద్ద పదవి అది. శాంతి స్వరూప్ భట్నాగర్ మొదలుపెట్టిన కుర్చీ. ఎం.ఎస్. థాకర్ తర్వాత జహీర్ అందులో కూర్చున్నారు. అప్పటికి ఆయనకు అరవై దాటాయి.

కాలం మాత్రం అనుకూలంగా లేదు. ఆ ఏడాది అక్టోబరులోనే చైనాతో యుద్ధం. 1964లో నెహ్రూ మరణం. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం. విదేశీ సహాయం ఆగింది, విదేశీ మారకం కరువైంది. బయటి నుంచి తెచ్చుకునే సరుకుకు మన దగ్గరే బదులు తయారుచేయాలన్న ఒత్తిడి ల్యాబుల మీద పడింది. జహీర్ జీవితమంతా చెప్పుకున్న మాట అదే కాబట్టి ఆయనకు అది కొత్త పాఠం కాదు. అయితే ఆయన ముందున్న అసలు అడ్డంకి సైన్సులో లేదు, వ్యాపారంలో ఉంది. ల్యాబులు పద్ధతులు కనిపెట్టేవి. కంపెనీలు మాత్రం విదేశీ కంపెనీతో ఒప్పందం పెట్టుకుని రెడీమేడ్ ప్లాంటు తెచ్చుకోవడానికే మొగ్గేవి. బ్యాంకుకు చూపించడానికి విదేశీ పేరు ఉంటే ధైర్యం. దేశీ పద్ధతికి గ్యారంటీ ఎవరిస్తారు? మొదటి నష్టం ఎవరు మోస్తారు? ఈ ప్రశ్నకు జవాబు దొరక్క ఎన్నో దేశీ పద్ధతులు అల్మారాల్లోనే ఉండిపోయాయి.

ప్లాస్టిక్ రంగంలోనూ అదే జరిగింది. 1960ల్లో బొంబాయి దగ్గర మన దేశపు మొదటి నాఫ్తా క్రాకర్లు విదేశీ టెక్నాలజీతోనే వచ్చాయి. అప్పట్లో ముడిచమురు చవక. బొగ్గు నుంచి రసాయనాలు తీద్దామన్న మాట పాతబడినట్టు కనిపించింది. 1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగాక గానీ ప్రపంచానికి బొగ్గు మళ్లీ గుర్తుకు రాలేదు.

జహీర్ 1966లో పదవి నుంచి దిగారు. ఆత్మారామ్ ఆయన తర్వాత వచ్చారు. ఆ తర్వాత 1971లో ఆ కుర్చీ మన తెలుగువారు యలవర్తి నాయుడమ్మకు దక్కింది. చర్మాల శుద్ధిని పల్లె పనివాళ్ల దాకా తీసుకుపోయిన నాయుడమ్మదీ, వంటింటి పొయ్యి గురించి ఆలోచించిన జహీర్‌దీ ఒకే రకం చూపు. 1972లో జహీర్‌కు పద్మభూషణ్ వచ్చింది. 1975లో ఆయన కన్నుమూశారు.

నస్పూర్, రామగుండం

మంచిర్యాల దగ్గర నస్పూర్‌లో సీసీసీ అని ఒక చోటు ఉంది. బస్సు కండక్టర్లు, ఆటోవాళ్లు రోజూ పిలిచే పేరే. సీసీసీ అంటే కోల్ కెమికల్ కాంప్లెక్స్. హైదరాబాద్ పైలట్ ప్లాంటులో పరీక్షించిన దారిని పెద్ద ఎత్తున నడపాలని సింగరేణి బెల్టులో పెట్టిన ఫ్యాక్టరీ పేరది. పొగలేని బొగ్గు, తారు రసాయనాలు అక్కడ తయారుచేయాలన్నది ఆలోచన. అది ఎక్కువ కాలం నిలబడలేదు. వంటింట్లోకి కిరోసిన్ స్టవ్ వచ్చింది, తర్వాత గ్యాస్ సిలిండర్ వచ్చింది. ఫ్యాక్టరీ పోయింది, స్టాపుకు పేరు మిగిలింది.

రామగుండంలో ఇంకో పాఠం. ఎఫ్‌సీఐ అక్కడ బొగ్గును గ్యాసుగా మార్చి, అమ్మోనియా, యూరియా తయారుచేసే కర్మాగారం కట్టింది. 1980లో ఉత్పత్తి మొదలైంది. కరెంటు కోతలు, యంత్రాల ఇబ్బందులు, నష్టాల మీద నష్టాలు. 1999లో మూతపడింది. వేల కుటుంబాల బతుకు తలకిందులైంది. అదే చోట కొత్త ఫ్యాక్టరీ 2021లో మొదలైంది, కానీ అది నడిచేది బొగ్గుతో కాదు, పైపులైన్‌లో వచ్చే సహజవాయువుతో.

ఈ రెండింటినీ చూసి జహీర్ కల తప్పని తేల్చేయడం తేలికే. లెక్క పుస్తకం తెరిచి చూస్తే అంత తేలిక కాదు. బొగ్గు రసాయనం నిలబడాలంటే చమురు ధర, కరెంటు సరఫరా, బొగ్గు నాణ్యత, యంత్రం మీద చేయి తిరిగిన మనుషులు, ఇవన్నీ ఒకేసారి కుదరాలి. ఏ ఒక్కటి తప్పినా వడ్డీ పెరుగుతూ పోతుంది. మొదటి పదేళ్లు నష్టం భరించే ఓపిక ఉన్నవాళ్లే ఈ రంగంలో గట్టెక్కారు.

చైనా అలా గట్టెక్కింది. 2010లో అక్కడి బావోతౌలో బొగ్గు నుంచి లైట్ ఓలెఫిన్స్ తీసే ఫ్యాక్టరీ మొదలైంది. ఏడాదికి 6 లక్షల టన్నులు. బొగ్గును గ్యాసుగా, గ్యాసును మిథనాల్‌గా మార్చి, ఆ మిథనాల్‌ను 400 నుంచి 500 డిగ్రీల మధ్య క్యాటలిస్టు పొడి మీదుగా పంపుతారు. ఇథిలీన్, ప్రొపిలీన్ బయటికొస్తాయి. క్యాటలిస్టు మీద మసి పేరుకుంటుంది. ఆ పొడిని పక్క గదిలోకి పంపి, మసి కాల్చేసి, మళ్లీ వెనక్కి తెస్తారు. పొడి నీళ్లలా ప్రవహిస్తూ తిరుగుతూనే ఉంటుంది. ఆ పద్ధతి వెనక డాలియన్‌లోని ఒక ప్రభుత్వ ప్రయోగశాల ఏళ్ల తరబడి చేసిన పని ఉంది. వాళ్లు కూడా గాజు గొట్టం నుంచి నేరుగా ఫ్యాక్టరీకి దూకలేదు. మధ్య మెట్లన్నీ ఎక్కారు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. బొగ్గు నుంచి ఓలెఫిన్స్ తీస్తే నాఫ్తా నుంచి తీసినదాని కన్నా కార్బన్ డయాక్సైడ్ చాలా ఎక్కువ వస్తుంది. నీళ్లు కూడా బాగా తాగుతుంది. గోదావరి ఒడ్డున ఉన్న ఊళ్లు ఆ లెక్క అడగాల్సిందే. జహీర్ కాలంలో ఈ లెక్క ఎవరూ వేయలేదు. ఇప్పుడు వేయకుండా ఉండలేం.

కంప్యూటర్ కాలంలో

ఈ రోజు రియాక్టర్‌ను ముందు కంప్యూటర్‌లో నడుపుతారు. వేడి, ప్రవాహం, రసాయన చర్య, ఈ మూడింటి సమీకరణాలు కలిపి సిమ్యులేషన్ చేస్తారు. గొట్టం వెడల్పు మార్చి చూడొచ్చు, వేడి పది డిగ్రీలు పెంచి చూడొచ్చు. రూపాయి ఇనుము కొనకుండానే వంద రియాక్టర్లు కట్టి కూలగొట్టొచ్చు. ఇంజినీరింగ్ చదివే పిల్లలు ల్యాప్‌టాప్‌లో ఈ పని చేస్తున్నారు.

కానీ కంప్యూటర్‌కు అంకెలు ఇవ్వాల్సింది మనిషే. ఈ బొగ్గు ఎంత వేగంగా విడిపోతుంది, దీని బూడిద ఏ వేడికి కరుగుతుంది, తారు ఎంత వస్తుంది? ఇవి పుస్తకంలో వేరే దేశపు బొగ్గు గురించి రాసి ఉంటే, కంప్యూటర్ చెప్పే జవాబు కూడా వేరే దేశానిదే. మణుగూరు బొగ్గుకు జవాబు కావాలంటే మణుగూరు బొగ్గును కొలిమిలో పెట్టి చూసినవాళ్లు ఉండాలి. హైదరాబాద్ ల్యాబులో 25 టన్నుల ప్లాంటు చుట్టూ మసి పట్టిన చొక్కాలతో తిరిగిన ఆ తరం చేసింది అదే.

జహీర్ వదిలివెళ్లినవాటిలో ఫ్యాక్టరీ ఏదీ మిగలలేదు. మనుషులు, సంస్థలు మిగిలాయి. ఆర్ఆర్ఎల్ బయోకెమిస్ట్రీ విభాగం నుంచే 1977లో సీసీఎంబీ పుట్టింది. భూగర్భ పరిశోధనకు ఎన్‌జీఆర్ఐ 1961లో అదే ఉప్పల్ రోడ్డు మీదకు వచ్చింది. మందుల తయారీలో హైదరాబాద్‌కు ఉన్న పేరు వెనుక ఐడీపీఎల్ ఎంత ఉందో, ఆర్ఆర్ఎల్‌లో తయారైన కెమిస్టులు కూడా అంత ఉన్నారు. 1948లో తలుపులు మూసుకుపోతాయనుకున్న ల్యాబు చుట్టూ ఇదంతా పెరిగింది.

తార్నాక దగ్గర ఐఐసీటీ కాలనీలో జహీర్ పేరుతో ఒక స్కూలు ఉంది. గేటు మీద పేరు చదివి లోపలికి వెళ్లే పిల్లలకు ఆయనెవరో చెప్పేవాళ్లు ఉంటే మేలు. చర్ల, వెంకటాపురం, దుమ్ముగూడెం వైపు ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ తీసుకునే పిల్లలకు చెప్పేవాళ్లు ఉంటే ఇంకా మేలు. కెమిస్ట్రీ అంటే ఎంట్రన్స్ ర్యాంకు కోసం బట్టీ పట్టేది మాత్రమే కాదు. నది అవతల తవ్వే బొగ్గుకూ, కల్లంలో పరిచే పట్టాకూ మధ్య ఉన్న దారి కూడా కెమిస్ట్రీయే. ఆ దారిలో మొదటి అడుగులు వేయించినవారిలో ఒకరు ఏ భయానికీ ఊరు వదలని మనిషి అని, పనికిరాదన్న బొగ్గుకు పనికొచ్చే కొలిమి వెతికిన మనిషి అని వాళ్లకు తెలియాలి.